ఆటిజం: లోకం తెలుసుకొన్నది, తెలుసుకోవలసినది

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల 75 సంవత్సరాలు పూర్తి చేసుకొన్న శుభవేళ, దాని హాజరుపట్టీలో ఉన్న పేర్లను గౌరవంతో తలచుకోవడం ఆనవాయితీ. ఉన్నత పదవులు అలంకరించినవారు, వ్యాపారాలలో రాణించినవారు, పరభాషా ప్రాంతంలో ఉండి కూడా తెలుగును విడువక కవులుగా, ఉపాధ్యాయులుగా పేరు తెచ్చుకొన్నవారు, వీరందరూ జూబిలీ సంచికలకు అలంకారం. అయితే ప్రతి పాఠశాలకూ హాజరుపట్టీలోకి ఎక్కని పేర్లు కూడా కొన్ని ఉంటాయి. చేర్చడానికి తీసుకొనివచ్చి, "పిల్లవాడికి ఇంకా మాట రాలేదు గదమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అన్న మాట విని వెనుదిరిగిన తల్లి బిడ్డ పేరు. ఒకటో తరగతిలో మూడు నెలలు కూర్చుని, గంట మోగినప్పుడల్లా చెవులు మూసుకొని అరచి, చివరకు ఇంటి దగ్గరే ఉండిపోయిన బాలుని పేరు. చదువు వచ్చినా స్నేహం రాక, పదేళ్ళు చివరి బెంచీలో ఒంటరిగా గడిపి, ఎవరి జ్ఞాపకాలలోనూ మిగలని బాలిక పేరు. ఈ ప్రసంగం అటువంటి పేర్లను గురించినది.

ఆ పిల్లలలో అందరూ కాకపోయినా కొందరు, నేడు వైద్యశాస్త్రం ఆటిజం అని పిలుస్తున్న స్థితితో జన్మించినవారు. వారిని లోకం మొండివాళ్ళన్నది, పిచ్చివాళ్ళన్నది, మూగవాళ్ళన్నది. ఎవరూ కక్షతో అన్నమాటలు కావు. తెలియక అన్నమాటలు. తెలియకపోవడం వలన జరిగిన నష్టం మాత్రం తెలిసి చేసిన నష్టంకంటె తక్కువది కాదు.

ఆటిజం అనగానేమి?

ఆటిజం ఒక వ్యాధి కాదు, అంటుకొనేది కాదు, మందుతో తగ్గేది కాదు. మెదడు ఎదుగుదలలో పుట్టుకతోనే ఉండే ఒక భిన్నత్వం. దాని లక్షణాలను రెండు పాయలుగా చెప్పుకోవచ్చు. మొదటిది, ఇతరులతో కలిసిమెలిసి మెలగడంలో, భావాలను ఇచ్చిపుచ్చుకోవడంలో కలిగే ఇబ్బంది. రెండవది, చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేయడం, మార్పును సహించలేకపోవడం, కొన్ని విషయాలపై అపారమైన ఆసక్తి, శబ్దం, వెలుతురు, స్పర్శ, రుచి మొదలైన ఇంద్రియానుభవాలు ఇతరులకంటె ఎక్కువగానో తక్కువగానో తెలియడం.

దీనిని తెలుగింటి వాతావరణంలోనికి తెచ్చి చూస్తే సులభంగా అర్థమవుతుంది. "నీకు అన్నం కావాలా?" అని తల్లి అడిగితే, ఆకలిగా ఉన్న పిల్లవాడు "నాకు అన్నం కావాలి" అనడు, "నీకు అన్నం కావాలా?" అని విన్న మాటనే తిరిగి చెబుతాడు. అది వెక్కిరింత కాదు. ఆకలి తెలుపుకోవడానికి అతని దగ్గర ఉన్న మాట అదే. "ఆకలితో కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి" అని తాతగారు అంటే, ఒక పిల్ల నిజంగానే భయపడి తాతగారి పొట్టవంక చూస్తుంది. చుట్టాలు వచ్చినప్పుడు "మామయ్యగారికి నమస్కారం పెట్టు" అంటే తలతిప్పుకొంటుంది. కానీ ఇంటిలోని మిక్సీ చప్పుడుకు చెవులు మూసుకొని వణికిపోతుంది. బడికి రోజూ వెళ్ళే దారి మారితే నడివీధిలో కూలబడి ఏడుస్తుంది. చూచేవారు "ఎంత గారాబం చేశారో" అనుకొంటారు. గారాబానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఇంకొక విషయం గమనించవలసి ఉన్నది. ఆటిజం ఉన్న వారందరూ ఒకే రీతిగా ఉండరు. జీవితమంతా నాలుగు మాటలు కూడా రానివారు ఉన్నారు. అనర్గళంగా మాట్లాడి విశ్వవిద్యాలయాలలో బోధించేవారూ ఉన్నారు. కొందరికి బుద్ధిమాంద్యం తోడై ఉంటుంది, చాలమందికి ఉండదు. కొందరికి మూర్ఛవ్యాధి తోడవుతుంది. ఈ వైవిధ్యాన్ని సూచించడానికే వైద్యులు నేడు ఇంద్రధనుస్సులోని రంగుల వరుసకు వాడే స్పెక్ట్రమ్ అనే మాటను ఆటిజానికి చేర్చి చెబుతున్నారు.

పేరు వచ్చిన విధము

గ్రీకు భాషలో ఆటోస్ అంటే తాను, స్వయం అని అర్థం. స్విట్జర్లాండుకు చెందిన మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1911 ప్రాంతంలో ఈ పదాన్ని ప్రవేశపెట్టినప్పుడు అది వేరొక మనోవ్యాధి లక్షణానికి పేరు. మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే వైద్యురాలు 1920ల మధ్యకాలంలోనే ఈనాటి వర్ణనకు ఎంతో దగ్గరగా ఉన్న బాలురను గురించి వ్రాసినది. కానీ ఆమె కృషిని లోకం చాలకాలం గుర్తించలేదు. 1943లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను, 8 మంది బాలురను, ముగ్గురు బాలికలను, వర్ణిస్తూ వ్యాసం ప్రచురించిన తరువాతనే ఈ స్థితి ప్రత్యేకంగా గుర్తింపబడినది. మరుసటి ఏడాది, అంటే 1944లో, వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అటువంటి పిల్లలను గురించే వ్రాశాడు. చక్కగా మాట్లాడగలిగినా సాంఘికంగా ఇబ్బంది పడే వారి స్థితికి చాలకాలం ఆయన పేరే వాడుకలో ఉండినది. అయితే నాజీల పాలనలో వికలాంగ బాలలను చంపించిన కేంద్రానికి ఆయన కొందరు పిల్లలను పంపినట్లు 2018లో వెలువడిన చరిత్ర పరిశోధన చూపినది. ఆ పేరు 2013లోనే అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథం నుండి తొలగి, ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిసిపోయినది.

అంటే, ఈ పాఠశాల వయస్సుకూ ఆటిజం అనే గుర్తింపు వయస్సుకూ పెద్ద తేడా లేదు. 75 ఏళ్ళ క్రితం ఇక్కడ మొదటి గంట మోగిన నాటికి కానర్ వ్యాసం వెలువడి కొద్ది సంవత్సరాలే అయినది. కనుక తొలితరం ఉపాధ్యాయులకు ఈ సంగతి తెలియకపోవడంలో దోషం లేదు. ఈనాటి వారికి ఆ వెసులుబాటు లేదు.

తల్లిపై పడిన నింద

ఆటిజం చరిత్రలో అన్నిటికంటె బాధాకరమైన అధ్యాయం తల్లులపై పడిన నింద. కానర్ తన తొలి వ్యాసంలో ఇది పుట్టుకతో వచ్చినదని చెప్పినప్పటికీ, 1949 నాటికి తల్లిదండ్రుల ఆప్యాయతాలోపాన్ని ప్రస్తావించి, వారి పెంపకాన్ని మంచుపెట్టెతో పోల్చాడు. బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ప్రచురించిన గ్రంథంతో ఆ అభిప్రాయం జనసామాన్యంలో పాతుకుపోయినది. ప్రేమ చాలక పిల్లవాడు తనలోనికి ముడుచుకుపోయాడని తల్లులకు చెప్పడం, బిడ్డను తల్లినుండి వేరుచేసి సంస్థలలో ఉంచడం జరిగినది. ఒకవైపు బిడ్డ దుఃఖం, మరొకవైపు తానే కారణమన్న దుఃఖం. ఆ రెండింటినీ మోసిన తల్లులు ఎందరో!

దానిని ఖండించినవాడు ఒక తండ్రి. అమెరికా నౌకాదళంలో మనోవిజ్ఞానవేత్తగా పనిచేసిన బెర్నార్డ్ రిమ్లాండ్, తన కుమారునికి ఆటిజం ఉండడంతో, దొరికిన గ్రంథాలన్నీ చదివి, ఇది మెదడుకు సంబంధించినదే గాని పెంపకానికి సంబంధించినది కాదని 1964లో పుస్తకం వ్రాశాడు. 1977లో బ్రిటన్‌లో సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ 21 జతల కవలలను పరిశీలించారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జతలలో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేర్వేరు అండాల నుండి పుట్టిన 10 జతలలో ఒక్క జతలోనైనా ఇద్దరికీ లేదు. వంశపారంపర్య కారణాలకు ఇది తొలి బలమైన నిదర్శనం. తరువాతి పరిశోధనలలో ఇందుకు సంబంధించిన జన్యువులు ఒకటి కాదు, వందల సంఖ్యలో ఉన్నట్లు తేలినది. కానర్ కూడా 1969లో తల్లిదండ్రుల మహాసభలో నిలబడి, వారిని నిర్దోషులుగా బహిరంగంగా ప్రకటించాడు.

అమెరికా తల్లులకు ఆ తీర్పు 1969లో లభించినది. తెలుగు తల్లులకు అది నేటికీ పూర్తిగా లభించలేదనడం అతిశయోక్తి కాదు. ఇక్కడ మంచుపెట్టె అన్న మాట లేదు గాని నింద లేకపోలేదు. "గ్రహణం పట్టినప్పుడు బయట తిరిగి ఉంటుంది", "ఉద్యోగానికి పోయి పిల్లవాణ్ణి ఆయా చేతిలో పెట్టినది", "టీవీ ముందు కూర్చోబెట్టినది", "మేనరికం చేసుకోవద్దంటే విన్నారా?" ఈ మాటలు వినని తల్లి అరుదు. ఇవి అనేవారు పరాయివారు కారు. అత్తగారు, ఆడబిడ్డ, కొన్నిచోట్ల కన్నతల్లి. మేనరికపు వివాహాల వలన కొన్ని జన్యువ్యాధులు రావడం నిజమే గాని, మేనరికం ఏమీ లేని కుటుంబాలలోనూ ప్రపంచమంతటా ఆటిజం ఉన్నది. టీవీ, సెల్‌ఫోను ఎక్కువైతే ఏ బిడ్డకైనా మాటల అవకాశం తగ్గుతుంది; వాటిని తగ్గించవలసినదే. తల్లి చేసిన తప్పువలన బిడ్డకు ఆటిజం వచ్చినదన్న మాటకు మాత్రం శాస్త్రంలో ఆధారం లేదు.

టీకాలను గురించిన అపోహ

రెండవ అపోహ టీకాలకు సంబంధించినది. 1998లో లండన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు 12 మంది పిల్లలను ఆధారం చేసుకొని, తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చునని లాన్సెట్ పత్రికలో వ్రాశాడు. అందులోని వివరాలు వక్రీకరింపబడినవని తేలడంతో 2010లో పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకొన్నది; బ్రిటన్ వైద్యమండలి ఆయన పేరును వైద్యుల పట్టికనుండి తొలగించినది. 2019లో డెన్మార్క్ పరిశోధకులు 6,57,461 మంది పిల్లల వివరాలు పరిశీలించి, ఆ టీకావలన ఆటిజం పెరగలేదని మరొకసారి నిర్ధారించారు. ఆటిజం లక్షణాలు కంటబడే వయస్సూ టీకాలు వేయించే వయస్సూ ఇంచుమించు ఒకటే కావడం వలన తల్లిదండ్రులకు ఆ సందేహం కలగడం సహజమే. కానీ ఆ భయంతో టీకాలు మానివేస్తే పిల్లలు తట్టుకు బలి అవుతారు.

తెరమీద చూచినది, తెరవెనుక ఉన్నది

1988లో వచ్చిన రెయిన్ మాన్ అనే అమెరికా చలనచిత్రం ఆటిజం అన్న మాటను ప్రపంచమంతటా ఇంటింటికీ చేర్చినది. 2010లో మై నేమ్ ఈజ్ ఖాన్ అనే హిందీ చిత్రం మనదేశంలో ఆ పని చేసినది. వీటివలన మేలు జరిగినమాట నిజమే. కానీ ఆటిజం ఉన్న ప్రతివారిలోనూ ఏదో ఒక అద్భుతశక్తి, లెక్కలలోనో జ్ఞాపకశక్తిలోనో, దాగి ఉంటుందన్న కొత్త అపోహ కూడా బయలుదేరినది. అటువంటి ప్రత్యేక ప్రతిభ కొద్దిమందిలోనే ఉంటుంది. ప్రతిభ ఉంటేనే గౌరవమనే షరతు ఇతర బిడ్డలకు లేదు. ఈ బిడ్డలకు మాత్రం ఎందుకుండాలి?

తెరమీద కనిపించేవారు దాదాపు అందరూ పురుషులే కావడం మరొక లోపం. బాలురలో ఆటిజం మూడు నాలుగు రెట్లు ఎక్కువగా గుర్తింపబడుతున్నది. బాలికలు ఇతరులను చూచి అనుకరించి తమ ఇబ్బందిని దాచుకోవడం వలన చాలమంది గుర్తింపునకు నోచుకోవడం లేదని పరిశోధకులు చెబుతున్నారు. తెలుగింటిలో మౌనంగా ఒకమూల కూర్చునే ఆడపిల్లను "ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకోవడం అలవాటు. ఆ మెప్పు చాటున ఒక బిడ్డ ఇబ్బంది పడుతూ ఉండవచ్చు.

మనదేశంలో

1991లో ఢిల్లీలో, ఆటిజం గల బిడ్డకు తల్లి అయిన మెరీ బారువా చొరవతో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థ ఆరంభమైనది. ఆనాటికి దేశంలో ఎందరో వైద్యులకు సైతం ఈ మాట కొత్త. 1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రస్తావన లేదు. 1999లో పార్లమెంటు చేసిన నేషనల్ ట్రస్టు చట్టంలో తొలిసారిగా దానికి స్థానం లభించినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం స్పెక్ట్రమ్ ఒకటి.

సంఖ్యల విషయానికి వస్తే, 2018లో ప్రచురింపబడిన ఒక పెద్ద అధ్యయనం దేశంలోని ఐదు ప్రాంతాలలో రెండు నుండి తొమ్మిదేళ్ళలోపు పిల్లలను 3,964 మందిని పరిశీలించినది. ఆ ఐదింటిలో హైదరాబాదు ఒకటి, ఒడిశాలోని ఢెంకనాల్ ఒకటి. దాదాపు నూటికి ఒకరికి ఆటిజం ఉన్నట్లు అందులో తేలినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 సంవత్సరానికి ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 127 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నది. ఈ లెక్కన వెయ్యిమంది పిల్లలు చదివే బడిలో ఎనిమిది, పదిమంది ఉండవలసినదే. తమ బడిలో ఒక్కరూ లేరని ఎవరైనా చెబితే, ఆ పిల్లలు ఉండికూడా గుర్తింపబడలేదనో, గడపలోనే ఆపివేయబడినారనో అర్థం చేసుకోవాలి.

వేచి ఉండకూడని కాలము

"వాడి మేనమామకు కూడా నాలుగేళ్ళకు గాని మాటలు రాలేదు." పెద్దలు చెప్పే ఈ ఊరడింపు వెనుక ప్రేమ ఉన్నది. నాలుకపై వస అరగదీసి రాయడం, తాయెత్తు కట్టడం, గుడిలో నిద్ర చేయించడం, వీటన్నిటి వెనుకా ప్రేమే ఉన్నది. మొక్కు తీర్చుకోవడం తప్పు కాదు. మొక్కుకొని వైద్యుని వద్దకు వెళ్ళడం మానుకోవడమే తప్పు. ఏడాది నిండిన బిడ్డ పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, తాతా అంటూ చేయి ఊపడం, వేలితో చూపించడం వంటివి చేయకపోయినా, 16 నెలలకు ఒక్కమాట రాకపోయినా, రెండేళ్ళకు "అమ్మ రా", "పాలు కావాలి" వంటి రెండు మాటల కలయిక సొంతంగా రాకపోయినా, వచ్చిన మాటలు ఏ వయస్సులోనైనా పోయినా, ఆలస్యం చేయక పిల్లల వైద్యునికి చూపించాలి. ముందుగా చెవి పరీక్ష చేయించడం అవసరం. వినికిడి లోపం కూడా ఇట్లే కనిపించవచ్చు.

చెన్నై సమీపంలో ముట్టుకాడువద్ద 2005లో ఏర్పడిన కేంద్రప్రభుత్వ బహుళ వైకల్య సంస్థ, బెంగుళూరులోని నిమ్‌హాన్స్, సికింద్రాబాదు మనోవికాసనగర్‌లో 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ, దక్షిణాదిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అందుబాటులో ఉన్నవే. సికింద్రాబాదు సంస్థ రూపొందించిన 40 ప్రశ్నల భారతీయ కొలమానాన్ని 2016లో కేంద్రప్రభుత్వం ధ్రువపత్రాల జారీకి స్వీకరించినది.

తొలి సంవత్సరాలలో ఇచ్చే శిక్షణవలన పిల్లల మాట, మెలకువ మెరుగుపడతాయి. అందుకు ఖరీదైన కేంద్రాలే అక్కరలేదు. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వైద్యపట్టాలు లేని సామాన్య కార్యకర్తలు తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చారు. బిడ్డ చూచేవైపు తాము చూచి, బిడ్డ ఆటలోకి తాము ప్రవేశించి, ఒక్కొక్క మాటా అందించడం ఆ శిక్షణలోని సారం. దానివలన బిడ్డలు తమంతట తాము తల్లిదండ్రులను పలుకరించడం పెరిగినది. ఇదే సమయంలో, ఆటిజాన్ని మాయం చేస్తామని చెప్పి లక్షలు గుంజే వ్యాపారాలను గురించి తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి. మూలకణ చికిత్సను ఆటిజానికి సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్‌కు చెందిన మండలి 2022లోనే తేల్చిచెప్పినది.

అమ్మభాష విడువవలెనా?

ప్రవాసాంధ్ర కుటుంబాలకు ప్రత్యేకించి సంబంధించిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. మాట ఆలస్యమైన బిడ్డను చూచి, "ఇన్ని భాషలెందుకు? ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి" అని సలహా ఇచ్చేవారు ఉన్నారు. తల్లిదండ్రులు ఆ మాట నమ్మి తెలుగు మానివేస్తారు. అప్పటినుండి నాయనమ్మకూ మనవడికీ మధ్య ఉన్న ఒక్క వంతెన తెగిపోతుంది. తల్లి తనకు అంతగా రాని భాషలో, కూడబలుక్కొని, లాలిపాట లేక, ముద్దుమాట లేక, ఆజ్ఞలు మాత్రమే పలుకుతుంది. మాట్లాడుకోవడమే కష్టమైన బిడ్డకు, మాట్లాడేవారి సంఖ్య కూడా తగ్గిపోతుంది.

గడచిన రెండు దశాబ్దాలలో వివిధ దేశాలలో జరిగిన పరిశోధనలు ఈ సలహాను బలపరచడం లేదు. రెండు భాషలు వింటూ పెరిగే ఆటిజం పిల్లలు, ఒకే భాష వినే ఆటిజం పిల్లలకంటె మాటలలో వెనుకబడడం లేదని అవి తెలుపుతున్నవి. కనుక తల్లి తనకు సహజంగా వచ్చిన భాషలో, అది తెలుగైతే తెలుగులో, బిడ్డతో మాట్లాడడమే మేలు. తెలుగుమాధ్యమాన్ని ఎన్నో ఒడుదుడుకుల మధ్య నిలబెట్టుకొన్న పాఠశాలలో ఈ మాట చెప్పడం సముచితం. అమ్మభాషపై హక్కు బడిలో మొదటిర్యాంకు వచ్చే బిడ్డకు ఎంత ఉన్నదో, "నీళ్ళు" అన్న ఒక్కమాట నేర్చుకోవడానికి ఏడాది పట్టిన బిడ్డకూ అంతే ఉన్నది.

పాఠశాల చేయదగినది

ప్రభుత్వ గుర్తింపుగల విద్యాసంస్థలు వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని 2016 చట్టం చెబుతున్నది. 40 శాతానికి తక్కువకాని వైకల్యంగల బిడ్డకు ఆరునుండి 18 సంవత్సరాలవరకు ఉచితవిద్య పొందే హక్కు ఉన్నది. అయితే చట్టం తలుపు మాత్రమే తెరువగలదు. లోపలకు పిలిచి కూర్చోబెట్టవలసినవారు ఉపాధ్యాయులు.

అందుకు కావలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఆనాటి పాఠాల వరుసను బొమ్మలతో గోడమీద పెట్టడం. గంట కొట్టడానికి ఐదు నిమిషాలముందు ఆ బిడ్డకు చెప్పడం. "అందరూ సర్దుకోండి" అనుటకు బదులు, పేరుపెట్టి పిలిచి "పుస్తకం మూసి సంచిలో పెట్టు" అని ఒక్కొక్కపని విడివిడిగా చెప్పడం. గోల భరించలేనప్పుడు వెళ్ళి కూర్చోవడానికి ఒక నిశ్శబ్దమైన మూల ఏర్పాటు చేయడం. కళ్ళలోనికి చూచి మాట్లాడమని బలవంతం చేయకపోవడం. రైళ్ళపై ఇష్టమున్న బిడ్డకు రైళ్ళతోనే కూడికలు నేర్పడం. ఈ పద్ధతులవలన తక్కిన పిల్లలకూ మేలే జరుగుతుంది. పరీక్షలలో అదనపు సమయం, వ్రాసిపెట్టే సహాయకుడు వంటి సౌకర్యాలను గురించి తల్లిదండ్రులకు ముందుగా తెలియజేయడం కూడా పాఠశాల బాధ్యతే. తోటిపిల్లల వెక్కిరింతలు ఆటిజం బిడ్డలను కుంగదీస్తాయి. వారు ఫిర్యాదు చేయలేరు. కనుక వారి తరఫున గమనించవలసినది గురువే.

ఉపాధ్యాయుల కష్టాన్ని కూడా చెప్పుకోవాలి. 50 మంది ఉన్న తరగతిలో ఒక బిడ్డ నేలపై పొర్లి ఏడుస్తుంటే, పాఠం సాగించడం సులభం కాదు. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు ఒక్కరైనా లేకుండా అంతటి భారం తరగతి గురువుపైనే వేయడం న్యాయం కాదు. జూబిలీ నిధులతో భవనాలు కట్టించడం, తోరణద్వారాలు నిర్మించడం లోకంలో ఉన్నదే. అటువంటి ఒక ప్రత్యేకోపాధ్యాయుని జీతానికి పూర్వ విద్యార్థులు పూనుకొంటే, అది ఏ ద్వారానికీ తీసిపోని ద్వారం అవుతుంది.

ఒక ఊరు చేసిన పని

కానర్ వర్ణించిన 11 మందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. 1933లో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరిలో పుట్టాడు. మూడేళ్ళ వయస్సులో వైద్యుల సలహాపై తల్లిదండ్రులు అతనిని ఒక సంస్థలో విడిచిపెట్టి, ఏడాది తరువాత మనసొప్పక ఇంటికి తెచ్చుకొన్నారు. అతడు ఊరిలోని బడిలో చదివాడు. 1958లో కళాశాల పట్టా పుచ్చుకొన్నాడు. తన కుటుంబానికి భాగస్వామ్యం ఉన్న బ్యాంకులో ఉద్యోగం చేశాడు. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశదేశాలు తిరిగాడు. 2023లో, 89 ఏళ్ళ వయస్సులో మరణించాడు. అతనిని గురించి పరిశోధించి వ్రాసిన పాత్రికేయులు గమనించిన విషయం ఒకటి ఉన్నది. కుటుంబానికి సంపద ఉన్నమాట నిజమే గాని, సంపద ఒక్కటే అతనిని నిలబెట్టలేదు. అతని తీరు ఊరివారందరికీ తెలుసు. ఆ తీరుతోనే అతనిని తమవాడనుకొన్నారు. పరాయివారు వచ్చి అతనికి హాని తలపెడితే ఊరుకోబోమని పాత్రికేయులనే హెచ్చరించారు.

ఆటిజంగల బిడ్డల తల్లిదండ్రులను రాత్రులు నిద్రపోనివ్వని ప్రశ్న ఒక్కటే: "మా తరువాత వీడికి ఎవరు?" 18 ఏళ్ళు నిండిన తరువాత సంరక్షకుని నియమించడానికి నేషనల్ ట్రస్టు చట్టం క్రింద జిల్లాస్థాయి కమిటీలు ఉన్నవి, ఆరోగ్య బీమాకు నిరామయ పథకం ఉన్నది. వీటిని వినియోగించుకోవాలి. కానీ ఏ కమిటీ అయినా ఒక ఊరికి సాటి రాదు. పరభాషా ప్రాంతంలో తరతరాలుగా ఒకరినొకరు ఆదుకొంటూ, పెళ్ళిళ్ళకూ పండుగలకూ ఒకచోట చేరుతూ వచ్చిన తెలుగు సమాజం అటువంటి ఊరే. అయితే అదే సమాజంలో, అక్క పెళ్ళికి అడ్డు వస్తుందని తమ్ముని స్థితి దాచే కుటుంబాలూ ఉన్నవి. శుభకార్యాలకు ఆ బిడ్డను తీసుకురాక, తల్లి కూడా రావడం మానుకొన్న ఇళ్ళూ ఉన్నవి. దాచవలసిన అవసరం వారికి కలిగించినది ఎవరు అన్నది సమాజం తన్ను తాను వేసుకోవలసిన ప్రశ్న.

ఏటా ఏప్రిల్ 2వ తేదీని ఐక్యరాజ్యసమితి నిర్ణయం మేరకు 2008 నుండి ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా పాటిస్తున్నారు. ఆనాడు నీలిదీపాలు వెలిగించడం మంచిదే. అంతకంటె మంచిది, రాబోయే పెళ్ళిలో పందిరి క్రింద చెవులు మూసుకొని కూర్చున్న బిడ్డ కనిపించినప్పుడు, తల్లిని ఏమీ ప్రశ్నించక, బాజాలకు దూరంగా ఒక కుర్చీ వేయించడం. అవగాహన అనే పెద్దమాటకు ఆచరణలో అర్థం అదే.

రాబోయే సంవత్సరాలలో ఈ విద్యాలయపు హాజరుపట్టీలో అటువంటి పేర్లు కూడా చేరాలనీ, శతజయంతి సంచికలో వాటికీ సగౌరవంగా చోటు దక్కాలనీ ఆకాంక్ష.